ఎండాకాలంలో మందులు ఎక్కడ పెట్టాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

మాది కొత్తగూడెం వైపు ఒక మండల కేంద్రం. మెడికల్ షాపు పెట్టి 18 ఏళ్లయింది. శివరాత్రికి చలి శివశివా అని వెళ్లిపోతుందో లేదో, నాకు ఏటా అవే ప్రశ్నలు మొదలవుతాయి. కౌంటర్ దగ్గర కొన్ని, ఫోన్లో కొన్ని, ఇక రాత్రి పదకొండింటికి ఫ్రిజ్ ఫోటో వాట్సాప్‌లో పెట్టి "అన్నా, ఇది వాడొచ్చా" అనేవాళ్లు సరేసరి. అందుకే ఒకచోట రాసి పెడుతున్నా. మీకు కావాల్సిన ప్రశ్న వెతుక్కుని అక్కడే చదువుకోండి, మొదటి నుంచి చదవక్కర్లేదు. నేను చెప్పేది మందు దాచుకునే సంగతి వరకే, ఎంత వేసుకోవాలన్నది మీ డాక్టర్‌నే అడగండి.

## కొనేటప్పుడు

డబ్బా మీద "25 డిగ్రీల లోపు ఉంచాలి" అని ఉంది. మా ఊళ్లో 45 కొడుతోంది. ఇక ఇవన్నీ పాడైపోయినట్టేనా?

లేదు, కంగారు పడకండి. టీవీలో చెప్పే 45 బయటి గాలిది, మీ ఇంట్లో నీడపట్టున గోడ గూట్లో అప్పటికి 36, 38 ఉంటుంది, రాత్రికి ఇంకా దిగుతుంది. గోళీలు మార్కెట్లోకి రాకముందు 40 డిగ్రీల వేడిలో, 75 శాతం తేమలో 6 నెలలు పెట్టి చూసే పరీక్ష ఒకటుంది, అది దాటి వచ్చిన గోళీ మీ ఇంట్లో నాలుగు వారాల వేడికి విషమైపోదు. వేడికి మందు పాలు విరిగినట్టు ఒక్కసారిగా విరగదు, కొద్దికొద్దిగా బలం తగ్గుతుంది. అందుకే ఎంత వేడి అని మాత్రమే అడిగితే సరిపోదు, ఎన్నాళ్లు అని కూడా అడగాలి. రేకుల ఇంట్లో అటక మీద పెట్టిన మందు సంగతి మాత్రం వేరు, అక్కడ మధ్యాహ్నం చెయ్యి పెట్టి చూడండి, మీకే తెలుస్తుంది.

షాపులో ఇన్సులిన్ సరిగ్గా పెట్టారో లేదో నాకెలా తెలుస్తుంది?

ఫ్రిజ్ తలుపు తీసేటప్పుడు చూడండి. ఇన్సులిన్ డబ్బాలు అరల మీద గాలాడేలా ఉన్నాయా, లేక ఐస్ గడ్డకట్టే పై అరలో కుక్కారా? లోపల థర్మామీటర్ ఏదైనా కనపడుతోందా? కూల్‌డ్రింక్ సీసాలు, టిఫిన్ డబ్బా, పెరుగు ప్యాకెట్ కూడా అదే ఫ్రిజ్‌లో ఉంటే తలుపు రోజుకి వందసార్లు తెరుస్తున్నారని అర్థం. కరెంటు పోతే ఏం చేస్తారని మొహమాటం లేకుండా అడగండి. ఇన్వర్టరో జనరేటరో ఉన్నాయని టక్కున చెప్పే షాపులో కొనండి, "ఏం కాదులే" అన్నచోట వద్దు.

ధర పెరుగుతుందంటున్నారు, 6 నెలలకి సరిపడా ఒకేసారి కొనిపెట్టుకోనా?

బీపీ గోళీలైతే కొనుక్కోండి. ఇన్సులిన్ మాత్రం ఎండాకాలం వరకు నెలకి మించి కొనొద్దు, మీ ఫ్రిజ్ ఒక్క రోజు మొరాయిస్తే ఆరు నెలల డబ్బు ఒకేసారి పోతుంది.

సీల్ తీయని ఇన్సులిన్ కూడా వాపసు తీసుకోరేంటి?

మీ మీద నమ్మకం లేక కాదు. ఆ సీసా మీ ఇంట్లో రెండు రోజులు ఎక్కడుందో నాకు తెలియదు, దాన్ని నేను తీసుకుంటే రేపు ఇంకొకరికి అమ్మాలి. ఎండలో ఉన్న సీసా చూడ్డానికి మంచి సీసాలాగే ఉంటుంది, అదీ ఇక్కడి చిక్కు. డాక్టర్ మందు మార్చొచ్చని అనుమానం ఉంటే ముందే ఒక్కటే తీసుకోండి.

## ఇంటికి తెచ్చేటప్పుడు

ఐస్ ముక్కలు వేసి కట్టివ్వమంటే షాపాయన వద్దంటాడు. ఐస్ ఉంటే ఇంకా మంచిదే కదా?

మంచిది కాదు. ఐస్‌కి ఆనుకున్న ఇన్సులిన్ గడ్డకట్టొచ్చు. ఒక్కసారి గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగాక మామూలుగా కనిపించినా పనికిరాదు, పారేయడమే. వేడికి బలం తగ్గడానికి వారాలు పడితే, గడ్డకట్టి పాడవడానికి ఒక్క రాత్రి కూడా అక్కర్లేదు. జనానికి ఎండంటే ఉన్న భయంలో పావు వంతు కూడా ఐస్ అంటే లేదు, నా కౌంటర్ దగ్గర గొడవంతా అక్కడే. మీ ఊరు రెండు మూడు గంటల దూరమైతే ఐస్ అవసరమే లేదు, డబ్బాని తడిపి పిండిన చేతిరుమాల్లో చుట్టి సంచిలో వేసుకోండి, చాలు. ఇంకా దూరమైతే ఐస్ ప్యాక్‌ని మందపాటి టవల్‌లో చుట్టి, ఐస్‌కీ మందుకీ మధ్య రెండు మడతలైనా ఉండేలా పెట్టుకోండి.

బండి డిక్కీలో పెట్టి తెచ్చా, దారిలో పెళ్లి భోజనానికి ఆగా. రెండు గంటలు ఎండలో ఉంది బండి.

డిక్కీ లోపల గాలాడదు, ఎండలో ఆపిన బండిలో అది బయటికంటే బాగా కాలుతుంది. కారైతే మరీ ఘోరం, అద్దాలు బిగించి ఎండలో పెడితే గంటలో లోపలి వేడి బయటికంటే 20 డిగ్రీలు ఎక్కువ అవుతుంది. ఒక్కసారి రెండు గంటలు అలా ఉన్నంత మాత్రాన సీసా పూర్తిగా చచ్చిపోదు గానీ, దాన్ని నెలరోజులు దాచకండి, ముందు దాన్నే వాడి రెండు రోజులు షుగర్ చూసుకుంటూ ఉండండి. షుగర్ పెరుగుతుంటే కొత్తది తీయండి. ఈసారి పొద్దున తొమ్మిదిలోపో, సాయంత్రం ఆరు తర్వాతో రండి.

## ఫ్రిజ్ ఉన్న ఇంట్లో

ఫ్రిజ్‌లో ఏ అరలో పెట్టాలి?

మధ్య అరలో, ముందు వైపు, మూతున్న ప్లాస్టిక్ డబ్బాలో. తలుపు అరలో వద్దు, తీసి మూసినప్పుడల్లా వేడిగాలి కొట్టేది అక్కడే. మన ఇళ్లలో ఎక్కువ ఉండేవి సింగిల్ డోర్ ఫ్రిజ్‌లు, వాటిలో ఫ్రీజర్ కిందుండే ట్రే, వెనక గోడ ఈ రెండూ ఇన్సులిన్‌కి యముడి వాకిళ్లు.

నా సంగతే చెప్తా. షాపు పెట్టిన మొదటి మే నెలలో, ఎండ ఎక్కువగా ఉంది కదా అని సాయంత్రం ఇంటికెళ్తూ ఫ్రిజ్ లోపలి గుండీని చివరి అంకెకి తిప్పేసి వెళ్లా. రాత్రి కరెంటు ఒక్కసారి కూడా పోలేదు, ఆ రోజే పోకూడదా! పొద్దున వచ్చి చూస్తే వెనక వరుసలో 11 సీసాలు, గోడకి అంటుకుని ఉన్నాయి, ఒకదాన్ని లాగితే అట్ట పెట్టె చిరిగి ఐస్‌తో పాటు చేతికొచ్చింది. ముందు వరుస శుభ్రంగా ఉంది. కరిగాక చూస్తే కొన్నిటిలో తరకలు తేలాయి, కొన్ని ఏమీ జరగనట్టే ఉన్నాయి. అన్నీ పారేశా. ఆ నెల లాభం ఆ బకెట్‌లోనే పోయింది.

లోపల ఎన్ని డిగ్రీలుందో ఎలా తెలుస్తుంది? మా ఫ్రిజ్ మీద 1 నుంచి 7 దాకా అంకెలు మాత్రమే ఉన్నాయి.

ఆ అంకెలు డిగ్రీలు కావు. చాలా ఫ్రిజ్‌ల్లో అంకె పెరిగేకొద్దీ చలి పెరుగుతుంది, 2 మీద పెడితే 2 డిగ్రీలని అనుకోవద్దు. సీల్ తీయని ఇన్సులిన్‌కి కావాల్సింది 2 నుంచి 8 డిగ్రీల మధ్య. వైరుతో ఉండే చిన్న డిజిటల్ థర్మామీటర్లు దొరుకుతాయి, వైరు కొసని మందుల డబ్బాలో పెట్టి, తెరని తలుపు బయట అతికించండి. పెద్ద ఖర్చేం కాదు, పారేసే ఇన్సులిన్‌తో పోలిస్తే అసలు ఖర్చే కాదు. చలికాలంలో మళ్లీ ఒకసారి చూడండి, మేలో సరిపోయిన అంకె డిసెంబర్‌లో గడ్డకట్టించొచ్చు.

రోజూ వాడే సీసాని కూడా ఫ్రిజ్‌లోనే పెట్టాలా?

అవసరం లేదు. తెరిచిన ఇన్సులిన్ ఎక్కువ రకాలు 25 లేదా 30 డిగ్రీల లోపు గదిలో 4 వారాలు నిలుస్తాయి, కొన్ని ఇంకా ఎక్కువ, మీ డబ్బాలోని కాగితం చూడండి. ఓ లెక్క వేద్దాం. మన దగ్గర మామూలుగా దొరికే 10 మిల్లీలీటర్ల సీసాలో మిల్లీలీటర్‌కి 40 యూనిట్లు, అంటే మొత్తం 400. రోజుకి 30 యూనిట్లు తీసుకునేవాళ్లకి అది 13 రోజుల్లో అయిపోతుంది. 13 రోజుల్లో అయిపోయే సీసాకి నెల గడువు ఉంటే టెన్షన్ దేనికి? పైగా చల్లటి ఇన్సులిన్ పొడిస్తే మంట. మేలో మీ ఇల్లు 30 దాటుతుంటే ఫ్రిజ్‌లోనే ఉంచండి, సూదికి పావుగంట ముందు బయట పెట్టుకోండి. సీసా బదులు ఇన్సులిన్ పెన్ను వాడేవాళ్లు దాన్ని సూదితో సహా ఫ్రిజ్‌లో పెట్టొద్దు, లోపలికి గాలి బుడగలు వస్తాయి. తెరిచిన తేదీని సీసా మీద పెన్నుతో రాయండి, ఎక్స్‌పైరీ తేదీ సీల్ తీయని సీసాకి మాత్రమే.

అన్ని మందులూ తీసుకెళ్లి ఫ్రిజ్‌లో పెట్టేస్తే పోలా?

పోదు. గోళీలకి వేడికంటే తేమ పెద్ద శత్రువు. చల్లటి స్ట్రిప్పుని, సీసాని వేడి గదిలోకి తీస్తే చెమట పడుతుంది, తెరిచిన థైరాయిడ్ గోళీల సీసాలోకి ఆ చెమ్మ పోతుంది. పారాసిటమాల్ సిరప్, దగ్గు మందు, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, ఇన్‌హేలర్ ఇవేవీ ఫ్రిజ్ అడగవు. డబ్బా మీద "2 నుంచి 8 డిగ్రీలు" అని రాసి ఉన్నవే ఫ్రిజ్‌లోకి. ఇన్సులిన్, గ్లాకోమాకి (కంటి లోపల ఒత్తిడి పెరిగే జబ్బు) వాడే కొన్ని కంటిచుక్కలు సీల్ తీయనంత వరకు, కొన్ని కలిపిన సిరప్‌లు, అంతే దాదాపు.

పిల్లాడి యాంటీబయాటిక్ పొడి సిరప్ నీళ్లు కలిపాక బయట పెట్టా. మూడు రోజులైంది.

అమోక్సిసిలిన్, క్లావులనేట్ కలిసిన సిరప్ అయితే కలిపిన క్షణం నుంచి ఫ్రిజ్‌లోనే ఉండాలి, ఉన్నా 7 రోజులే. ఎండాకాలంలో మూడు రోజులు బయట ఉంటే దాన్ని వదిలేయండి, కొత్తది తెచ్చుకోండి, కోర్సు మధ్యలో ఆపకుండా డాక్టర్‌కి చెప్పండి. అజిత్రోమైసిన్ సిరప్‌కి మామూలుగా ఫ్రిజ్ అక్కర్లేదు. కాబట్టి పేరు చూసే నిర్ణయం తీసుకోవాలి. ఇంట్లో ఫ్రిజ్ లేదని డాక్టర్‌కి ముందే చెబితే వేరే మందు రాయడానికి వీలుంటుంది, కానీ ఈ మాట చెప్పేవాళ్లే తక్కువ, సిగ్గుపడతారు.

## ఫ్రిజ్ లేని ఇంట్లో

మాకు ఫ్రిజ్ లేదు. అమ్మకి ఇన్సులిన్ రాశారు. ఎలా?

కుండ. మంచినీళ్లని చల్లబరిచే ఆ కుండే. పెద్ద మట్టికుండ ఒకటి, దాంట్లో పట్టే చిన్న కుండ ఒకటి తీసుకోండి, రెండూ రంగు గానీ పాలిష్ గానీ వేయనివి. రెండిటి మధ్య సందులో ఇసుక పోసి తడపండి. ఇన్సులిన్‌ని గట్టి మూతున్న స్టీలు డబ్బాలో పెట్టి లోపలి కుండలో ఉంచండి, పైన తడి గోనెసంచి కప్పండి. ఇసుకకి పొద్దున ఒక చెంబు, సాయంత్రం ఒక చెంబు నీళ్లు. వంటగదిలో కాదు, కిటికీ పక్కన గాలాడే నీడలో పెట్టాలి, కుండ గోడల నుంచి నీరు ఆవిరైతేనే చల్లదనం, మూల గదిలో దాచితే ఉత్త కుండే. నైజీరియాలో మొహమ్మద్ బా అబ్బా అనే ఉపాధ్యాయుడు ఇదే జంట కుండలని కరెంటు లేని ఊళ్లలో కూరగాయలు నిలవ ఉంచడానికి పంచిపెట్టాడు, 2000లో రోలెక్స్ అవార్డు కూడా వచ్చింది. మన అవ్వలకి ఎవరూ ఇవ్వలేదు గానీ.

పోయిన మేలో మా ఇంట్లో పెట్టి చూశా, మధ్యాహ్నం మూడింటికి గదిలో 38, కుండలో 28. వాడుతున్న సీసాకి అది చాలు. ఫ్రిజ్ చలి రాదు, రావాల్సిన పని కూడా లేదు. 2021లో డాక్టర్స్ వితౌట్ బార్డర్స్ అనే అంతర్జాతీయ వైద్య సేవా సంస్థ, జెనీవా విశ్వవిద్యాలయం కలిసి ఒక అధ్యయనం ప్రచురించాయి, కెన్యాలో దగహలే అనే శరణార్థి శిబిరంలో ఇళ్ల లోపల వేడి 25, 37 డిగ్రీల మధ్య ఊగుతుంది, అదే వేడిని ల్యాబులో 4 వారాలు పెట్టి చూస్తే ఇన్సులిన్ బలం దాదాపు తగ్గలేదు. వైద్య పరిశోధనలన్నీ ఒకచోట చేర్చి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 2023 సమీక్ష, మానవ ఇన్సులిన్ (మన ఒంట్లో తయారయ్యేదాని లాంటి రకం) గురించి ఇంకా ముందుకెళ్లి, సీల్ తీయని సీసాలు 25 డిగ్రీల దాకా 6 నెలలు, 37 దాకా 2 నెలలు నిలవొచ్చని చెప్పింది. అలాగని గుమ్మంలో ఎండకి పెట్టమని నేననట్లేదు. ఫ్రిజ్ లేదన్న కారణంతో ఇన్సులిన్ మొదలుపెట్టకుండా గోళీలతోనే నెట్టుకొస్తున్న ఇళ్లు నాకు తెలుసు, వాళ్ల కోసం ఇంత రాశా.

మాది కాకినాడ. కుండ పెట్టాం, పెద్దగా చల్లబడట్లేదు.

చల్లబడదు. గాలి పొడిగా ఉంటేనే నీరు త్వరగా ఆవిరవుతుంది. రామగుండం, ఖమ్మం, రెంటచింతల వైపు వడగాలికి కుండ దర్జాగా పనిచేస్తుంది, సముద్రం ఒడ్డున ఉక్కపోతకి రెండు మూడు డిగ్రీలు దిగితే గొప్ప. వానాకాలంలో ఎక్కడైనా అంతే. అయితే మీ దగ్గర ఎండ 45 కొట్టే రోజులు కూడా తక్కువే కదా. ఇంట్లో కింది భాగం, ఉత్తరం గోడ, నేల మీద బండకి ఆనించిన డబ్బా, ఇది మీ పద్ధతి. నిలవ సీసాలు మాత్రం పక్కింటి ఫ్రిజ్‌లోనో, మీరు కొనే షాపులోనో ఉంచమని అడగండి. మా షాపులో ఒక అర అందుకే పెట్టా, పేరు రాసిన డబ్బాలు ఓ పదిహేను ఉంటాయి.

తాగే నీళ్ల కుండలో కవర్‌లో కట్టి వేస్తే?

చాలామంది చేస్తారు, పని కూడా చేస్తుంది, కానీ కవర్‌కి ఎక్కడో చిల్లు పడుతుంది. లేబుల్ ఊడిపోయి, ఏ సీసా ఎప్పటిదో, ఏది మిక్స్ ఇన్సులిన్నో తెలియకుండా పోతుంది. రబ్బరు మూత మురికి నీళ్లలో నానకూడదు కూడా. వేయాల్సి వస్తే సీసాని గట్టి మూతున్న పొడి డబ్బాలో పెట్టి, ఆ డబ్బాని వేయండి.

గోళీలు ఇంట్లో ఎక్కడ పెట్టాలి?

పొయ్యి గట్టు మీద, టీవీ మీద, ఫ్రిజ్ నెత్తిన, బాత్రూమ్ అరలో, పడమటి గోడకి ఆనుకున్న ఇనుప బీరువాలో పెట్టొద్దు. లోపలి గదిలో నడుము ఎత్తుకి దిగువన ఉన్న గూడు మంచిది, పిల్లలుంటే తాళం వేసే పెట్టె. స్ట్రిప్పు నుంచి ముందే ఒలిచి వారానికి సరిపడా డబ్బాల్లో పోసుకోవద్దు, ముఖ్యంగా వానాకాలంలో. గుండెకి వేసుకునే ఆస్పిరిన్ గోళీ పుల్లటి వెనిగర్ వాసన కొడితే అది చెమ్మకి విరిగిపోతోందని అర్థం.

నాలుక కింద పెట్టుకునే గుండె గోళీలు ఎప్పుడూ చొక్కా జేబులో ఉంచుకోమన్నారు. చెమటకి పాడవవా?

నైట్రోగ్లిజరిన్ గోళీలైతే పాడవుతాయి. అవి వచ్చిన గాజు సీసాలోనే, మూత బిగించి ఉంచాలి. ప్లాస్టిక్ డబ్బాలోకి మార్చితే మందు ఆవిరై ప్లాస్టిక్‌కి పట్టేస్తుంది, అవసరానికి ఉత్త సుద్దముక్క మిగులుతుంది. ఒంటికి ఆనే జేబులో కాకుండా చేతిసంచిలో పెట్టుకోండి, కానీ దూరంగా మాత్రం వదలొద్దు.

## కరెంటు పోయినప్పుడు

గాలివానకి స్తంభాలు పడ్డాయి. రెండు రోజులు కరెంటు రాదంటున్నారు.

తలుపు తీయొద్దు. మూసి ఉంచిన ఫ్రిజ్ దాదాపు 4 గంటలు చల్లగా ఉంటుంది, లోపల నీళ్ల సీసాలు నిండుగా ఉంటే ఇంకొంత సేపు. ఇంట్లోవాళ్లకి చెప్పండి, ముఖ్యంగా పిల్లలకి, ఐస్‌క్రీమ్ కరిగిందా లేదా అని చూడ్డానికే తీస్తారు. ఆ తర్వాత ఇన్సులిన్ డబ్బాని తీసి తడి గుడ్డలో చుట్టి ఇంట్లో చల్లటి చోట పెట్టండి. రెండు రోజులు గది వేడిలో ఉన్న సీల్ తీయని సీసాని పారేయక్కర్లేదు, బయటికొచ్చిన తేదీ రాసి నెలలోపు వాడేయండి. నీళ్లు కలిపిన యాంటీబయాటిక్ సిరప్ ఒక రోజంతా వేడిగా ఉంటే మాత్రం పారేయాలి. కరెంటొచ్చాక త్వరగా చల్లబడాలని ఫ్రీజర్‌లో పెట్టకండి, దయచేసి.

## ప్రయాణాల్లో

తిరుపతి వెళ్తున్నాం, రాత్రంతా బస్సు, క్యూలో ఎంతసేపో తెలియదు.

ఖాళీ థర్మాస్ ఫ్లాస్క్‌ని చల్లటి నీళ్లతో కడిగి, ఆ నీళ్లు పారబోసి, తుడిచి, గుడ్డలో చుట్టిన సీసాని అందులో పెట్టండి. ఐస్ వేయకండి. తడిపితే ఉబ్బి, గంటల తరబడి చల్లగా ఉండే జెల్ సంచులు కూడా ఇన్సులిన్ కోసం దొరుకుతాయి, వాటికి గాలి తగలాలి, ప్లాస్టిక్ కవర్‌లో మూసేస్తే పనిచేయవు. బస్సు కింది డిక్కీలో వేసే పెట్టెలో మందులు పెట్టొద్దు, ఒళ్లో సంచిలోనే.

గల్ఫ్‌కి పోతున్నా. 3 నెలల ఇన్సులిన్ తీసుకెళ్లాలి.

విమానంలో చేతి సంచిలోనే పెట్టుకోండి, కింద వేసే లగేజీలో గడ్డకట్టే ప్రమాదం ఉంది, పెట్టె పోతే ఇంకా పెద్ద ప్రమాదం. డాక్టర్ చీటీ, షాపు బిల్లు రెండూ పేరుతో సహా వెంట ఉండాలి. అక్కడ గదికి ఏసీ ఉంటుంది కాబట్టి గదిలో సమస్య తక్కువ, సమస్యంతా సైటుకి తీసుకెళ్లే సంచితోనే. మధ్యాహ్నం డోసు లేకుండా చేయొచ్చేమో వెళ్లేముందే డాక్టర్‌ని అడగండి.

## పాడైందేమో అని అనుమానం వస్తే

ఇన్సులిన్ తెల్లగా పాలలా ఉంది. పాడైనట్టా?

ఏ రకమో చూడాలి. మిక్స్ రకం (30/70 లాంటివి) అరచేతుల మధ్య పదిసార్లు దొర్లించాక పాలలా సమంగా ఉండాలి, అదే సరైన రూపం. అందులో గడ్డలు, తరకలు తేలినా, సీసా గోడకి మంచు పట్టినట్టు తెల్లటి పూత అతుక్కున్నా పారేయండి. ప్లెయిన్ రకం (ఏదీ కలపనిది), గ్లార్జిన్ (చాలాసేపు పనిచేసే రకం) ఇవి నీళ్లలా తేటగా ఉండాలి, మసకబారితే వాడొద్దు.

చూడ్డానికి బానే ఉంది, కానీ షుగర్ దిగట్లేదు. యూనిట్లు పెంచనా?

మీ అంతట మీరు పెంచొద్దు. వేడికి బలం తగ్గిన ఇన్సులిన్ రంగు మారకుండానే ఉండొచ్చు. ముందు కొత్త సీసా తెరిచి, అదే మోతాదు వేసుకుని, తిండి మార్చకుండా షుగర్ చూడండి. పాత సీసాకి పెంచిన మోతాదునే కొత్త సీసాతో వేస్తే షుగర్ ఒక్కసారిగా పడిపోతుంది, ఒళ్లంతా చెమటలు, వణుకు, ఆసుపత్రి. కొత్త సీసాకీ దిగకపోతే లోపం మందు నిలవది కాదు, డాక్టర్ దగ్గరికి వెళ్లండి. వాంతులు, ఆయాసం ఉంటే కొత్త సీసా ఫలితం కోసం ఆగొద్దు, వెంటనే వెళ్లండి.

ఆశా అక్క నీలం డబ్బాలో టీకాలు తెస్తుంది, ఎండలో ఊరంతా తిరిగి. అవి బాగానే ఉంటాయా?

ఆ డబ్బాలో నాలుగు ఐస్ ప్యాకులుంటాయి. వాటిని ఫ్రీజర్ నుంచి తీసి నేరుగా పెట్టరు, పైన చెమట పట్టి, ఊపితే లోపల నీళ్ల చప్పుడు వచ్చేదాకా బయట ఉంచి అప్పుడు పెడతారు, పెంటావాలెంట్ (ఐదు జబ్బులకి కలిపి పిల్లలకి వేసేది) లాంటి టీకాలు గడ్డకట్టకుండా ఉండాలి కాబట్టి. పోలియో చుక్కల సీసా మీద ఒక వృత్తం, దాని మధ్య చిన్న చతురస్రం కనిపిస్తుంది, 1996 నుంచి వస్తున్న గుర్తు అది. వేడి తగిలేకొద్దీ చతురస్రం ముదురుతుంది. చతురస్రం చుట్టూ ఉన్న వృత్తం కంటే లేతగా ఉంటే వాడొచ్చు, రెండూ ఒకే రంగుకి వస్తే వాడకూడదు. చూపించమని అడగండి, చూపిస్తారు. నా ఇన్సులిన్ సీసాల మీద కూడా అలాంటి గుర్తు ఒకటి ఉంటే ఈ పేజీలో సగం రాసేవాణ్ణి కాదు.

కుక్క కరిచింది. మిగతా టీకా డోసులు కొని మా ఫ్రిజ్‌లో పెట్టుకోనా?

వద్దు. ఏ రోజు డోసు ఆ రోజు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో వేయించుకోండి, ఉచితం. రేబీస్ టీకా విషయంలో మీ ఫ్రిజ్‌ని నమ్ముకుని ప్రయోగం చేయొద్దు, తేదీ మాత్రం తప్పొద్దు.

పాడైన మందులు ఏం చేయాలి?

గోళీల్ని స్ట్రిప్పు నుంచి తీసి వాడేసిన టీపొడిలోనో బూడిదలోనో కలిపి చెత్తలో వేయండి, పిల్లలు, పశువులు ముట్టకుండా. సూదుల్ని గట్టి ప్లాస్టిక్ సీసాలో వేసి మూత బిగించి మా షాపుకో, ఆసుపత్రికో తెచ్చివ్వండి. చెరువులో వేయకండి.